కన్నతండ్రిని పేరు పెట్టి పిలవవచ్చా?



కథల పుస్తకాల్లో, కార్టూన్లలో పిల్లలు కన్నతండ్రిని పేరు పెట్టి పిలుస్తుంటే మన పిల్లలు చూస్తున్నారు. 'వాళ్లు పిలుస్తున్నారుగా, మనం పిలిస్తే తప్పేమిటి?' అని పిల్లవాడు అడిగితే ఏం చెబుతాం? కసురుకుంటే నోరు మూసుకుంటాడు, అంతే. సమాధానం మాత్రం అతనికి దొరకదు.

ముందు ఆ కథల గురించి న్యాయంగా మాట్లాడుకుందాం. అమెరికా రచయిత్రి హార్పర్ లీ 1960లో వెలువరించిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో తల్లిలేని ఇద్దరు పిల్లలు తమ తండ్రిని 'అట్టికస్' అనే పిలుస్తారు. అయినా ఆయనంటే వారికి ఎంతో ప్రేమ, గౌరవం. 1989లో మొదలైన 'ది సింప్సన్స్' కార్టూన్‌లో పదేళ్ల బార్ట్ తన తండ్రిని తరచు 'హోమర్' అంటాడు. అక్కడ ఆ పిలుపులో ఎగతాళి ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

కాని వీటిని చూసిన పిల్లల మనసులో ఒక అభిప్రాయం నాటుకోవచ్చు. తండ్రి మంచివాడైతే గౌరవించాలి, తెలివితక్కువవాడైతే అక్కరలేదు అని. దివ్య ఖుర్ఆన్ ఈ అభిప్రాయాన్నే సరిదిద్దుతుంది.

సూరా మర్యమ్ 42 నుండి 45 వరకు గల ఆయతులు చూడండి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) విగ్రహారాధకుడైన తండ్రికి సత్యం బోధిస్తూ నాలుగు ఆయతుల్లో నాలుగుసార్లు 'యా అబతి' అన్నారు. అంటే 'ఓ నాన్నగారూ' అని. 46వ ఆయతులో ఆ తండ్రి కోపంతో కుమారుణ్ణి 'ఇబ్రాహీం' అని పేరుతోనే సంబోధించి, రాళ్లతో కొడతానని బెదిరించాడు. అప్పటికీ ఆ కుమారుడు సలాం చెప్పి, తండ్రి కోసం క్షమాభిక్ష వేడుకుంటానన్నారు. తండ్రి తప్పును ఆయన ఒప్పుకోలేదు, పిలుపులోని మర్యాదను వదులుకోనూ లేదు.

హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) ఒక వ్యక్తికి, తండ్రిని పేరుతో పిలవవద్దని, ఆయనకు ముందు నడవవద్దని, ఆయన కంటే ముందు కూర్చోవద్దని హితవు చెప్పినట్లు ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఉల్లేఖించారు. హనఫీ ధర్మవేత్తలు కూడా ఇలా పిలవడాన్ని మక్రూహ్ అన్నారు. అయితే బడిలోనో ఆఫీసులోనో ఎవరైనా అడిగినప్పుడు తండ్రి పేరు చెప్పడం వేరు. అందులో దోషం లేదు.

ఇంతకీ పిల్లవాడికి ఎలా చెప్పాలి? ఇలా చెప్పవచ్చు: "నాయనా, అబ్బా పేరు ఊరందరూ పిలుస్తారు. కొట్టులో అప్పు రాసుకునేవాడూ పిలుస్తాడు. 'అబ్బా' అని పిలిచే భాగ్యం మాత్రం అల్లాహ్ ఆయన పిల్లలకే ఇచ్చాడు. దాన్ని ఎందుకు పోగొట్టుకుంటావు?"

ఇక పెద్దల బాధ్యత. ఇంట్లో ఉన్న వృద్ధుడైన తండ్రిని మనమే 'ఆ ముసలాయన' అంటూ, మన పిల్లలు మాత్రం మనల్ని గౌరవించాలంటే ఎలా? పిల్లవాడు కార్టూన్ చూసేది కొద్దిసేపే. మనల్ని రోజంతా చూస్తాడు. పైగా మర్యాద ఒకవైపు నుంచే రాదు. సూరా సాఫ్ఫాత్ 102వ ఆయతులో, ఖుర్బానీ ఘట్టంలో హజ్రత్ ఇబ్రాహీం తన కుమారుణ్ణి 'యా బునయ్య', అంటే 'నా చిట్టి తండ్రీ' అని లాలనగా పిలిచి అభిప్రాయం అడిగారు. కుమారుడు 'యా అబతి' అనే బదులిచ్చాడు. ఒకనాడు తండ్రి నుంచి బెదిరింపు విన్న ఆయన, తాను తండ్రి అయ్యాక దాన్ని తన సంతానానికి అందించలేదు.

కనుక ఈ రాత్రే ఒక పని చేద్దాం. పిల్లల్ని ప్రేమగా పిలుద్దాం. మన తల్లిదండ్రులు జీవించి ఉంటే వారు వినేలా 'అమ్మీ', 'అబ్బా' అని పిలుద్దాం. గతించి ఉంటే వారి కోసం దుఆ చేద్దాం. మన నాలుకలకు మృదుత్వాన్ని, మన సంతానానికి మంచి అదబ్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.