మూడు పెసోల మీది ముఖం

చే గువేరా క్యూబా జాతీయ బ్యాంకు అధ్యక్షుడిగా నోట్ల మీద ‘చే’ అని మాత్రమే సంతకం పెట్టాడు. డబ్బంటే అంత చిన్నచూపు. ఇవాళ ఆ ద్వీపానికి వచ్చే పర్యాటకులకు, ఆయన బొమ్మ ఉన్న మూడు పెసోల నోటునే అసలు విలువకన్నా ఎక్కువకు అమ్ముతున్నారు. అమ్మేవాడికీ ఇల్లు గడవాలి కదా, అతన్ని మనం తప్పుపట్టలేం. మరి హద్దు ఎక్కడ? 1960లో ఆ ప్రసిద్ధ ఫొటో తీసిన కోర్దా, ఉద్యమకారుల పోస్టర్లకు డబ్బు అడగలేదు. వోడ్కా ప్రకటనలో వాడినందుకు మాత్రం 2000లో కేసు వేశాడు. వచ్చిన సొమ్మును క్యూబా పిల్లల మందులకు ఇచ్చేశాడు. ఆయన గీసిన గీత మనకు నచ్చింది. మన దగ్గరా కొమురం భీం బొమ్మ చొక్కాల మీదికి వచ్చింది. వేసుకోనిద్దాం. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణమిచ్చింది భూమి కోసం, అడవి కోసం. ఆ చొక్కా తొడిగిన పిల్లల ఇళ్లలో ఎందరికి పోడు పట్టా ఉందో బడిలో అడుగుదాం.