తాళపుచెవులు ఇచ్చిన తరువాత

మనుష్యుడు ధనము నార్జించుటకు పడు శ్రమ అందరికిని తెలిసినదే. ఆర్జించిన దానిని చేతినుండి విడుచుటకు పడు శ్రమ యెట్టిదో ప్రాయము మీరినవారికి గాని తెలియదు. వర్తక కుటుంబములలో పిల్లవాడు పదునారేండ్ల నాటినుండి అంగడిలో కూర్చుండుట నేర్చుకొనును. కొలత నేర్చుకొనును, బేరము నేర్చుకొనును, చిట్టా ఆవర్జాలు వ్రాయుట నేర్చుకొనును. కాని అంగడినుండి లేచుట యెట్లో వానికి ఎవరును నేర్పరు. ఆ విద్య నేర్వకయే అనేకులు డెబ్బది యేండ్లవారగుచున్నారు.

బళ్ళారి పట్టణమున ఒక బట్టల వర్తకుడున్నాడనుకొనుడు. ఇంటిలో మాట తెలుగు, అంగడిలో మాట కన్నడము. 1953వ సంవత్సరములో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు ఆయన తండ్రి అంగడి బోర్డు మీది అక్షరములు మార్చెనే గాని ఇంటి మాట మార్చలేదు. ఈ వర్తకుడు నలుబదియైదేండ్లు అంగడి నడిపి, మోకాళ్ళ నొప్పులు వచ్చిన పిమ్మట, ఒక దీపావళినాడు, అనగా మహావీరస్వామి నిర్వాణ దినమున, క్రొత్త లెక్కల పుస్తకమునకు పూజచేసి తాళపుచెవుల గుత్తిని పెద్ద కుమారుని చేతిలో పెట్టెను. ఇంటివారందరు సంతోషించిరి. "నాయన ఎంత నిబ్బరముగా ఇచ్చేశారు!" అని కోడలు మెచ్చుకొనెను.

మరునాటి ఉదయము ఆయన అంగడి గుమ్మము ప్రక్కన పడకకుర్చీ వేయించుకొని కూర్చుండెను. "నేనేమీ మాట్లాడను. ఇంట్లో పొద్దు పోదు, అంతే" అనెను. నిజముగనే ఆయన మాట్లాడలేదు. కాని కుమారుడు ఎవరికైనను ధర తగ్గించి చెప్పినపుడు ఆ కుర్చీలోనుండి చిన్న దగ్గు వినబడుచుండెను. గుమాస్తా ఆ దగ్గు విని కత్తెర ఆపుచుండెను.

ఒకనాడు పాత ఖాతాదారుడొకడు వచ్చి కూతురి పెండ్లికి బట్టలు అరువు అడిగెను. పాత బాకీ అప్పటికే ఇరువదివేల రూపాయలున్నది. కుమారుడు మర్యాదగానే, "పెద్దాయనా, పాతదాంట్లో సగమైనా కట్టండి, అప్పుడు ఇస్తాను" అనెను. అంతట కుర్చీలోనుండి దగ్గును, దగ్గు వెంట మాటయును వచ్చినవి. "ఇవ్వరా అబ్బాయీ! వాళ్ళ నాయన కాలం నుంచీ మన గడప తొక్కిన మనిషి."

ఖాతాదారుని ముఖము వికసించినది. అతడు కుమారుని విడిచి తండ్రి వైపు తిరిగి నమస్కరించెను. కుమారుడు మారు పలుకక బట్ట కొలిచి కత్తిరించి ఇచ్చెను. ఆ రాత్రి తాళపుచెవుల గుత్తి తండ్రి మంచము మీద ఉన్నది. "మీరే చూసుకోండి నాయనా. వచ్చినవాళ్ళు నన్ను చూడటం లేదు, మీ కుర్చీని చూస్తున్నారు" అని మాత్రము చెప్పి కుమారుడు భోజనము చేయకయే పడుకొనెను. సూర్యాస్తమయమునకు ముందు భుజించు ఇంటిలో ఆ పూట తప్పినచో మరునాటి ఉదయము వరకు ఉపవాసమే. తల్లి ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇచ్చట విచారింపవలసిన ధర్మసందేహ మొకటి కలదు. తండ్రి చేసినది దయ కాదా? దయయే. పెండ్లి నెత్తిమీద ఉన్న పేదవానికి మేలు కలిగినది. కాని ఆ దయ ఎవరి సొమ్ముతో చేయబడినది? దీపావళినాడు ఇచ్చివేసిన సొమ్ముతో. ఇచ్చిన దానిని మరల దానము చేయుటకు ఇచ్చినవానికి అధికారము లేదు. ఆ ఖాతాదారుని సాయంకాలము ఇంటికి పిలిచి, తనకై యుంచుకొన్న సొమ్ములోనుండి పెండ్లి ఖర్చునకు కొంత ఇచ్చినచో అది దానమయ్యెడిది. అంగడిలో నలుగురి యెదుట ఇప్పించుటవలన ఖాతాదారునికి బట్టలు దక్కినవి గాని కుమారుని మాటకు విలువ పోయినది. వర్తకునకు మూలధనము సొమ్ము కాదు, మాట. దానిని ఒక్క దగ్గుతో తీసివేయుటయు హింసయే.

ఈ సంగతి మన ఆచార్యులు ఎంత సూక్ష్మముగా కనిపెట్టిరో చూడదగినది. శ్రావకుని వ్రతములలో దేశవ్రతమొకటి. ఇంతకాలము ఈ ఇంటిని దాటను, ఈ వీధిని దాటను అని హద్దు పెట్టుకొనుట ఆ వ్రతము. తత్త్వార్థసూత్రము ఈ వ్రతమునకు ఐదు అతిచారములను చెప్పుచున్నది. హద్దు వెలుపలి వస్తువును తెప్పించుకొనుట, వెలుపలికి మనిషిని పంపి పని చేయించుట, శబ్దము చేసి తన యునికి తెలుపుట, తన రూపము చూపుట, రాయి మొదలగునవి విసరి సైగచేయుట. శబ్దమనగా నేమని వివరించుచు పూజ్యపాదాచార్యులు తమ సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో దగ్గుట మొదలగువానినే చెప్పిరి. కాలు హద్దు దాటలేదు. వ్రతము నిలిచినట్లే కనబడును. కాని మనస్సు దగ్గు రూపమున హద్దు దాటి పని జరిపించుకొని వచ్చినది. పదునైదు శతాబ్దములకు పూర్వపు ఆ మాట నేటి పడకకుర్చీకి ఎంత చక్కగా సరిపోవుచున్నది!

దిగ్వ్రతము సంగతియు నట్టిదే. వయసులో ఉన్నప్పుడు వర్తకుడు సరుకు కొరకు ముంబై, అహమదాబాదు, మధుర తిరిగివచ్చును. ఇన్ని దిక్కులకు ఇంత దూరమే పోవుదునని హద్దు పెట్టుకొనుట అప్పుడు కష్టము, అందుచేతనే అది వ్రతము. ముసలితనమున మోకాళ్ళు పెట్టిన హద్దు వ్రతము కాదు. అది బలవంతము. పైగా ఇప్పుడు సెల్ ఫోను చేతిలో నున్నది. కదలకుండ కూర్చున్నవాడు ఉదయము సూరతులో చీరల ధర అడుగును, మధ్యాహ్నము ఈరోడులో దుప్పట్ల ధర అడుగును, కొనవలసిన పని లేకున్నను అడుగును. కాళ్ళు విశ్రమించినవి గాని తిరుగుట మానలేదు.

శ్రావకుడు మెట్టు మెట్టుగా ఎక్కవలసిన ప్రతిమలు పదునొకండు. సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారమున చెప్పిన క్రమములో ఎనిమిదవది ఆరంభత్యాగము, అనగా వ్యాపారాదులను విడుచుట. తొమ్మిదవది పరిగ్రహత్యాగము, అనగా ఆస్తిపై మమత విడుచుట. ఇంతటితో అంతయు ముగిసినదని ఎవరైనను తలంతురు. కాని పదియవ మెట్టు మరియొకటి కలదు. అది అనుమతిత్యాగము. లౌకిక వ్యవహారములలో ఇది చేయుడు, అది మానుడు అని అభిప్రాయము చెప్పుటను సైతము విడుచుట. పని విడిచి, సొమ్ము విడిచిన పిమ్మట సలహా విడుచుటను ఉంచిరి. ఏది యెక్కువ కష్టమో వారికి తెలియును.

ఇది మగవారికి మాత్రమే చెల్లు సంగతి కాదు. వంటయింటి పెత్తనము కోడలికిచ్చిన అత్తగారు పెరటి గడపమీద కూర్చుండి, "నీళ్ళు వడగట్టావా? పప్పులో ఉప్పు చూశావా?" అని అడుగుచునే యుందురు. కోడలు ఇరువది యేండ్లుగా వడగట్టుచున్నది. ఆ ప్రశ్నకు కావలసినది సమాధానము కాదు, తాను ఇంకను ఆ ఇంటికి అవసరమే అన్న ధైర్యము. పెద్దల దగ్గు వెనుక ఉన్నది అధికారము కంటె భయమే యెక్కువ. తాను లేకపోయినను కొట్టు నడుచునని తెలిసిన నాడు మనుష్యుని గుండె జల్లుమనును. పిల్లలు ఇది గ్రహించినచో వారి కోపము సగము తగ్గును.

అట్లయిన పెద్దలు నోరు మూసికొని కూర్చుండవలసినదేనా? కాదు. ధర్మమునకు భంగము కలిగినచోట మౌనము దోషము. కుమారుడు కొలతలో తక్కువ చేసినను, నాసి సరుకును మేలు సరుకని అమ్మినను, అవి అచౌర్యాణువ్రతమునకు అతిచారములు. అప్పుడు తండ్రి దగ్గరాదు, స్పష్టముగా చెప్పవలెను. అదియు గిరాకీల యెదుట గాక ఇంటిలో, ఒంటరిగా చెప్పవలెను. కాని ధర ఎంత, అరువు ఎవరికి, బీరువా ఏ గోడకు అన్నవి లాభనష్టముల ప్రశ్నలు. వానిలో కుమారుడు పొరబడిన కొంత నష్టపోవును, నేర్చుకొనును. తండ్రియు అట్లు నష్టపోయియే నేర్చుకొన్నవాడు గదా!

పై కుటుంబము వారు కొన్ని నెలల పిదప శ్రవణబెళగొళ యాత్రకు పోయిరనుకొనుడు. వింధ్యగిరి మెట్లు ఆరువందలకు పైగా ఉన్నవి, చెప్పులు లేక ఎక్కవలెను. పెద్దాయన డోలీలో ఎక్కెను. కుమారుడు ప్రక్కన నడిచెను. పైన గంగరాజుల మంత్రి చావుండరాయడు 981 ప్రాంతమున నిలిపిన బాహుబలిస్వామి విగ్రహము, ఏబదియేడడుగుల ఎత్తు, ఒకే రాతిలో. తొడలకు, బాహువులకు తీగలు అల్లుకొనియున్నవి. పాదముల చెంత పుట్టలు, పాములు.

ఆ తీగలకు అర్థమేమి? బాహుబలి అన్నయగు భరతుని గెలిచియు రాజ్యమును అతనికే విడిచి తపస్సునకు నిలిచెను. ఏడాది నిలిచినను కేవలజ్ఞానము కలుగలేదు. తాను నిలిచిన నేల భరతునిదే గదా అను తలంపు ముల్లువలె మిగిలెనని కొందరు చెప్పుదురు. తమ్ములకు నమస్కరింపవలసివచ్చునను అభిమానము మిగిలెననియు, సోదరీమణులు బ్రాహ్మీ సుందరులు వచ్చి ఏనుగు దిగుమని చెప్పిరనియు మరికొందరు చెప్పుదురు. కథ రెండు తీరుల నున్నను భావమొక్కటే. రాజ్యము విడుచుట ఒక దినపు పని. విడిచినవాడను నేనన్న తలంపును విడుచుటకు తీగలు పెరిగి భుజముల వరకు పాకవలసివచ్చెను. అంతటి మహాపురుషునకే అట్లుండగా బట్టల వర్తకుడు కొన్ని నెలలలో సాధింపలేదని నిందించుట తగదు.

తిరిగివచ్చిన పిమ్మట పడకకుర్చీ అంగడి గుమ్మమునుండి జినాలయము ఎదుటి అరుగు మీదికి మారినది. దగ్గు పూర్తిగా పోలేదు. నలుబదియైదేండ్ల అలవాటు ఒక యాత్రతో పోదు. అయినను ఆ ఖాతాదారుడు మరల వచ్చి, కుమారుని దాటి అరుగు వద్దకు పోయి, "అయ్యా, మీరొక్క మాట చెప్పండి" అని అడిగినపుడు పెద్దాయన చేతులు జోడించి, "అంగడి అబ్బాయిది నాయనా. అబ్బాయినే అడుగు" అనెను. ఆ మాట అంగడిలోని కుమారుని చెవిని పడినది. ఆ సాయంకాలము పొద్దుగ్రుంకక ముందే తండ్రీ కుమారులు ఒక పంక్తిని కూర్చుండి భుజించిరి. కుమారుడు తనంతట తానే, "నాయనా, ఆయనకు కొంచెం ఇచ్చి మిగతాది వాయిదా పెట్టాను" అని చెప్పెను. తండ్రి తల ఊపి, మజ్జిగ పోయుమని భార్యతో చెప్పెను.

తాళపుచెవులు ఇచ్చునాడు గృహస్థుడు చేతిని ఖాళీ చేసికొనును. పిమ్మటి ప్రతిదినమును గొంతును ఖాళీ చేసికొనవలెను. అడుగకుండ సలహా చెప్పని పెద్దవానిని పిల్లలు వెదకికొని వచ్చి సలహా అడుగుదురు.