కొండదారిలో ఎడమ పక్క

వాహనం రోడ్డుకు ఎడమ పక్కనే నడవాలన్న నియమానికి ప్రకృతిలో ఏ ఆధారమూ లేదు. కుడి పక్కన నడిచినా పని జరుగుతుంది. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో అలాగే జరుగుతోంది. భారతదేశంలో ఎడమ పక్క బ్రిటిష్ పాలనలో స్థిరపడింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం పోయి 1988 నాటి చట్టం వచ్చినా అది మారలేదు. అయినా సాలూరు దాటి కోరాపుట్ కొండలెక్కే మోటారుసైకిలు యాత్రికుడి ప్రాణం ప్రతి మలుపులోనూ ఆ నియమం మీదే ఆధారపడి ఉంటుంది. ఎటు నిర్ణయించుకున్నా సరిపోయే విషయాన్ని పాటించడం ధర్మం ఎలా అవుతుంది? మనుషులు తమలో తాము చేసుకున్న ఏర్పాటు మనస్సును కట్టిపడేయగలదా, లేక చలానా భయం ఉన్నంతవరకే దానికి బలమా? ఈ ప్రశ్న చాలా పాతది. మోటారు బండ్లు పుట్టక ముందే, వేద విధుల అర్థాన్ని చర్చించే మీమాంసకులు దీన్ని యజ్ఞం విషయంలో అడిగారు.

ఆ యాత్రికుడు పట్టే 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు తర్వాత ఘాట్ ఎక్కి, సుంకి దగ్గర ఒడిశాలో ప్రవేశించి, పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడల మీదుగా కోరాపుట్ చేరుతుంది. అక్కడి నుంచి లక్ష్మీపూర్ మీదుగా మరో కొండదారి రాయగడకు దిగుతుంది. పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా నేరుగా రాయగడకూ వెళ్లవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, కోరాపుట్ జిల్లాలోనే ఉంది. పైదాకా రోడ్డు ఉండడంతో విశాఖ, విజయనగరాల కుర్రకారు బైకుల మీద అక్కడికి బారులు తీరుతున్నారు.

కారుకు ఎడమ పక్క అంటే గీతకు ఇవతల ఉండడం. రెండు చక్రాల బండికి అది అంత సులువు కాదు. కుడి మలుపులో బండి కుడికి వాలుతుంది. చక్రాలు తన పక్కనే ఉన్నా, నడి గీతకు దగ్గరగా నడిపితే తలా భుజమూ అవతలి పక్కకు చొచ్చుకుపోతాయి. ఎడమ మలుపులో వేగం హెచ్చితే బండి వెడల్పుగా తిరిగి, ఎదురొచ్చే లారీ దారిలోకి పోతుంది. కుడి పక్కన నడిపే దేశం నుంచి వచ్చిన యాత్రికుడికైతే రద్దీ కంటే ఖాళీ రోడ్డే ఎక్కువ ప్రమాదం. ముందు మరో బండి ఉంటే దాని వెనక పోతాడు. టీ కొట్టు దగ్గర ఆగి, ఎవరూ లేని రోడ్డు మీదికి మళ్లీ ఎక్కేటప్పుడు, ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు బండిని కుడికి లాగుతుంది. బుద్ధికి తెలిసిన నియమం ఒకటి, దేహానికి పట్టిన నియమం మరొకటి. ఈ రెండో దాన్నే మన దర్శనాలు సంస్కారమని, వాసన అని పిలిచాయి.

ఏ పక్క అన్నది ఎంత యాదృచ్ఛికమో చరిత్ర చూపిస్తుంది. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది. బర్మా 1970 డిసెంబరులో అదే పని చేసింది. జపాన్‌లోని ఒకినావా 1978 జులై 30న, సమోవా 2009 సెప్టెంబరు 7న కుడి నుంచి ఎడమకు వచ్చాయి. అంతకు ముందు రోజు ప్రాణాలు కాపాడిన పక్కే మర్నాటికి ప్రాణాంతకమైంది. సత్యం, అహింస వంటి ధర్మాలు ఇలా ఒక తేదీ నుంచి తిరగబడతాయని ఎవరూ అనరు.

ఎడమ పక్కకు మతపరమైన అర్థం అంటగట్టాలన్న కోరిక కొందరికి కలుగుతుంది. ఎడమ పక్కన నడిపే దేశంలో కూడలి చుట్టూ తిరిగే బండ్లు నడిమి దిమ్మెను కుడివైపు ఉంచుకుని తిరుగుతాయి. గుళ్లో ప్రదక్షిణమూ అదే దిశలో సాగుతుంది. ఈ పోలిక అందంగా ఉన్నా నిలబడదు. బర్మా బౌద్ధులు పగోడాలకు నేటికీ ప్రదక్షిణగానే తిరుగుతారు, బండ్లు మాత్రం కుడి పక్కన నడుపుతారు. పైగా ఎడమ చేతిని శుభకార్యాలకు దూరంగా ఉంచే సంప్రదాయం మనదే. ఆరాధనలోని దిక్కుకూ రోడ్డు మీది పక్కకూ సంబంధం లేదు. కాబట్టి ఎడమకు ఏదైనా ధార్మిక బలం ఉంటే, అది ఎడమ పవిత్రం కావడం వల్ల వచ్చింది కాదు.

ఇక్కడ మీమాంసకుల విభజన పనికొస్తుంది. వాళ్లు విధులను అపూర్వవిధి, నియమవిధి, పరిసంఖ్యావిధి అని మూడుగా చెప్పారు. వేదం చెప్పకపోతే ఏ విధంగానూ తెలియని దాన్ని విధించేది అపూర్వవిధి. ఒక పని పలు రకాలుగా చేయడానికి వీలున్నప్పుడు, ఇలాగే చేయాలని ఒక్కదాన్ని నిలబెట్టేది నియమవిధి. దానికి వాళ్ల ప్రసిద్ధ ఉదాహరణ వడ్లు దంచడం. యజ్ఞానికి బియ్యం కావాలి. వడ్ల పొట్టును గోళ్లతో ఒలిచినా పోతుంది, రోకలితో దంచినా పోతుంది. శాస్త్రం మాత్రం దంచే తీయమంటుంది. పొట్టు పోవడం కంటికి కనిపించే ఫలం. అది రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. మరి దంచమనే ఎందుకు? ఆ నియమాన్ని పాటించడం వల్ల కంటికి కనిపించని మరో ఫలం పుడుతుందని, అది లేకపోతే యజ్ఞం పూర్తి కాదని వాళ్ల సమాధానం.

ఎడమ పక్కన నడపడం అచ్చమైన నియమవిధి. రెండు మార్గాలు తెరిచి ఉన్నాయి, ఒకటి నిలిపారు. కానీ యజ్ఞశాలకూ ఘాట్ రోడ్డుకూ ఒక పెద్ద తేడా ఉంది. గోళ్లతో పొట్టు ఒలిచిన వాడి వల్ల చెడేది అతడు చేయించే యజ్ఞమొక్కటే. ఘాట్ మలుపులో కుడికి వచ్చిన వాడు తనను ఎన్నడూ చూడని, ఏ తప్పూ చేయని మనిషిని చంపుతాడు. అందువల్ల ఇక్కడ కనిపించని ఫలాన్ని ఊహించుకోనక్కర లేదు. మీమాంసకుడు శబరస్వామి తన భాష్యంలో చలివేంద్రాలు పెట్టడం, చెరువులు తవ్వించడం వంటి స్మృతి విధులను తీసుకుని, వాటి ప్రయోజనం లోకంలోనే కనిపిస్తుందని, ప్రమాణం కోసం వేరే వెతకనక్కర లేదని వాదించాడు. రోడ్డు నియమం ఆ కోవలోదే. ఎటు అన్నది కేవలం ఏర్పాటు. ఒకసారి ఏర్పాటయ్యాక దాన్ని నమ్ముకుని మలుపు అవతలి నుంచి మరో మనిషి వస్తున్నాడు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయకపోవడం మాత్రం ఏర్పాటు కాదు, అసలు ధర్మమే. అది స్వీడన్‌లో 1967కు ముందూ ఉంది, తర్వాతా ఉంది.

విజయదశమికి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆ పూజకు విశ్వాసం నుంచి వచ్చే విలువ ఉంది, దాన్ని కాదనడం ఈ వ్యాసం పని కాదు. కానీ మీమాంస లెక్క ప్రకారం కనిపించని ఫలాన్నిచ్చే కర్మ, కనిపించే ఫలాన్నిచ్చే కర్తవ్యానికి బదులు నిలవదు. పూజ చేయించిన బండికి మలుపులో ఎడమ పక్క వదిలే అనుమతి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు.

పాశ్చాత్య తాత్త్వికుల్లో ఈ సంగతిని దగ్గరగా చూసినవాడు డేవిడ్ హ్యూమ్. ఒకే పడవలో తెడ్లు వేసే ఇద్దరు, మాట ఇచ్చుకోకుండానే లయ కలుపుకుంటారని 1740లో రాశాడు. 1751 నాటి నీతిగ్రంథంలో బండివాళ్లు దారి ఇచ్చుకునే పద్ధతులను ప్రస్తావిస్తూ, తేలిక బండి బరువు బండికి, ఖాళీ బండి నిండు బండికి దారి ఇవ్వడం సౌకర్యం వల్ల పుట్టిన నియమమన్నాడు. 1969లో డేవిడ్ లూయిస్ ఈ ఆలోచనను పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. సౌకర్యం ఎడమను వివరించగలదు. దారి ఇవ్వడాన్ని మాత్రం సగమే వివరిస్తుంది. హ్యూమ్ చెప్పింది బండ్ల సంగతి. తేలికది బరువైన దానికి తప్పుకోవాలన్న ఆ సూత్రాన్ని కాలినడక మనుషుల దాకా సాగదీస్తే, రోడ్డు బలవంతుల సొత్తయిపోతుంది.

మన గ్రంథాలు దారి ఇవ్వడం గురించి వేరుగా ఆలోచించాయి. బండిలో ఉన్నవాడికి, తొంభై దాటిన ముసలివాడికి, రోగికి, బరువు మోసేవాడికి, స్త్రీకి, విద్య ముగించిన స్నాతకుడికి, రాజుకు, పెళ్లికొడుక్కు దారి ఇవ్వాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. రాజూ స్నాతకుడూ ఎదురైతే రాజే తప్పుకోవాలంటుంది. ఇందులో అంతస్తు పట్టింపు ఉన్న మాట నిజం. ఆ భాగాన్ని ఈనాడు మోయవలసిన పని లేదు. మిగిలింది మాత్రం విలువైనది. ఆగి మళ్లీ బయలుదేరడం ఎవరికి కష్టమో, పక్కకు తప్పుకోవడం ఎవరికి చేతకాదో వాళ్లకు దారి. 2017 వరకు అమల్లో ఉన్న భారతదేశపు 1989 నాటి రోడ్డు నియమాల్లోనూ ఇదే తర్కం ఉండేది: ఇరుకైన కొండదారిలో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. బరువుతో ఎక్కుతున్న లారీ ఎత్తు మధ్యలో ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో సుంకి ఘాట్‌లో చూసినవాళ్లకు తెలుసు.

దారి ఇవ్వడంలో హక్కు ఎవరిదన్న వాదన ఎక్కడికి దారి తీస్తుందో మహాభారతం ఆదిపర్వంలోని కల్మాషపాదుడి కథ చెబుతుంది. ఒక్కరే పట్టే దారిలో రాజు కల్మాషపాదుడు, వసిష్ఠుడి పెద్దకొడుకు శక్తి ఎదురుపడ్డారు. ఎవరూ తప్పుకోలేదు. రాజు కొరడాతో కొట్టాడు, శక్తి రాక్షసుడివి కమ్మని శపించాడు. శాస్త్రం ప్రకారం దారి శక్తిదే. ఆ దారి తనదేనన్న పట్టుదల అతణ్ని కాపాడలేదు. రాక్షసుడైన రాజు మొదట తిన్నది అతణ్నే. అదే భారతం అరణ్యపర్వంలో, దారిలో ఎదురైన పిల్లవాడు అష్టావక్రుడికి జనకుడు వెంటనే దారి ఇచ్చాడు. అందుకు రాజు పోగొట్టుకున్నదేమీ లేదు. ఘాట్ మలుపులో లైట్లు కొడుతూ దూసుకొచ్చే బస్సును చూసి, తన పక్క తనదేనని గీత మీదే నిలిచే బైకువాడు శక్తి చేసిన పనే చేస్తున్నాడు.

ఈ నియమాలన్నీ నిజంగా పరీక్షకు నిలిచేది సంత రోజున. నియమగిరి కొండల మీది డొంగరియా కోందు గిరిజనులు బుధవారం బిస్సంకటక్ దగ్గరి చాటికొనా సంతకు పసుపు, అనాస, పనస వంటి పంటలతో దిగుతారు. తట్టలు నెత్తిన పెట్టుకుని, కావళ్లు భుజాన వేసుకుని ఒకరి వెనక ఒకరు రోడ్డు అంచున నడుస్తారు. ఎడమ అంచుకు వీలైనంత దగ్గరగా నడపాలన్నది చట్టం. ఆ అంచున మనుషులున్నారు. ఇక్కడ ఎడమ నియమం ఇక చెప్పేదేమీ లేదు. హారన్ కొడితే, నెత్తిన బరువున్న మనిషి మెడ తిప్పి చూడలేదు. అంచు దిగితే బురదో, గులకరాళ్లో. ఆ మనిషికి ఆ దారిలో నడవడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. వేగం తగ్గించి, ఎదుట ఖాళీ అయ్యే వరకు వెనకే నిలిచి, తర్వాత దూరంగా దాటడం ఒక్కటే సరైన పద్ధతి. బరువు మోసేవాడికి దారి అన్న పాత విధికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నియమగిరి దగ్గర ప్రశ్న మరో మెట్టు ఎక్కుతుంది. ఆ కొండను పాలించే దేవుడు నియమరాజని డొంగరియాల నమ్మకం. అడవినీ సెలయేళ్లనూ ఎలా వాడుకోవాలో ఆయన ఏర్పరచాడని, కొండ శిఖరం ఆయన చోటని వాళ్లు చెబుతారు. అక్కడ బాక్సైట్ తవ్వకం ఆ ఆరాధనకు భంగమవుతుందా అన్నది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో రాయగడ, కాలాహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ తవ్వకాన్ని కాదన్నాయి. ఆ తీర్పు గని గురించి వచ్చింది, యాత్రికుల గురించి కాదు. అయినా అందులోని ఆలోచన వాళ్లకూ వర్తిస్తుంది. బండి ఏ పక్కన నడపాలో చెప్పగల చట్టం, ఆ దారిలోకి అసలు బండి రావచ్చా అన్నది చెప్పదు. పట్టణం రోడ్డు మీది ఏర్పాటులో యాత్రికుడు కూడా భాగస్వామి. కొండ మీది ఏర్పాటులో అతడు కాడు. అది చేసుకున్నవాళ్లు ఊరి బయటే బండి ఆపమంటే అక్కడే ఆపి నడవాలి, శిఖరం వైపు వద్దంటే చాటికొనాకు తిరిగి దిగాలి.