వీణకు మైకు పెట్టవచ్చునా?

ధ్యాన భాగము: 1 కొరింథీ 14:7-9



క్రిస్మసు కూడికలును ఉజ్జీవ సభలును సమీపించినప్పుడెల్ల మన సంఘములలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. పందిటిలో కీబోర్డు, డోలకు, పెద్ద సౌండు బాక్సులు ఉన్నవి. వాటి నడుమ వీణయో తంబురయో పట్టుకొని కూర్చున్నవాని వాద్యము ప్రక్కవానికైనను వినబడదు. కొందరు, "దానికిని మైకు పెట్టుడి" అందురు. పెద్దలు కొందరు, "మైకు పెట్టిన వీణ వీణయేనా?" అందురు. మరికొందరు, "వినబడని వాద్యమెందుకు? ప్రక్కన పెట్టుడి" అందురు. ఇది యంత్రమును గూర్చిన చిన్నమాట వలె తోచును గాని, దీనిలో సత్యమును గూర్చియు పొరుగువాని ప్రేమను గూర్చియు ప్రశ్న ఉన్నది.

మొదట వీణ ఎట్టిదో తలంచుదము. మన బొబ్బిలి వీణను ఒకే పనసమ్రానునుండి తొలిచి చేయుదురు. దానికి ఇరువదినాలుగు మెట్లు, వాయించుటకు నాలుగు తీగెలు, తాళమునకు మూడు తీగెలు ఉండును. మీటిన తీగె ధ్వని కుండలోని గాలిని కదిలించి బయటికి వచ్చి, త్వరగా సన్నగిల్లిపోవును. అయితే తీగెను ప్రక్కకు లాగి పలికించు గమకము ఆ సన్నగిల్లు ధ్వనిలోనే ఉన్నది. చిన్నగదిలో కూర్చున్నవారు దానిని విందురు. వేయిమంది కూర్చున్న పందిటిలో వెనుకవారికి మీటిన దెబ్బ మాత్రమే అందును, పాట అందదు.

దీనికి రెండు ఉపాయములు ఉన్నవి. వీణ ఎదుట మైకు నిలిపినయెడల ధ్వని సహజముగా ఉండును గాని, ప్రక్కనున్న డోలకు చప్పుడు కూడ దానిలో పడును. వీణ కొయ్యకే అంటించు చిన్న మైకు కొయ్య కదలికను పట్టుకొనును గనుక ఇతర ధ్వనులు అంతగా చొరబడవు. అయితే గోటి రాపిడి హెచ్చి, స్వరము కొంత రేకు చప్పుడువలె మారవచ్చును.

ధ్వనిని హెచ్చించుట అబద్ధమా? కాదని మేము తలంచుచున్నాము. ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు జనులకు ఎత్తుగా నిలుచుటకు కొయ్యపీఠము చేసిరి (నెహెమ్యా 8:4). మన ప్రభువు దరినున్న జనసమూహమునకు దోనెలో కూర్చుండి బోధించెను (లూకా 5:3). వినగోరువారికి మాట అందునట్లు చేయుట మోసము కాదు, దయ. 1969లో పాలకొల్లులో జన్మించి 2014లో మరణించిన మేండలిన్ శ్రీనివాస్ గారిని తలంచుడి. జంటలుగా నుండు ఎనిమిది తీగెలకు మారుగా అయిదు ఒంటి తీగెలుగల విద్యుత్ మేండలినును ఆయన చేపట్టి, దానిపై కర్ణాటక సంగీతపు గమకములను పలికించెను. అక్కడ విద్యుత్తు సంగీతమునకు సేవకుడాయెను.

కాబట్టి పరీక్ష ఏమనగా, హెచ్చించిన తరువాత వినబడునది వీణయేనా? పిల్లనగ్రోవియైనను సితారయైనను స్వరములలో భేదము చూపనియెడల ఏమి వాయించుచున్నారో ఎవరికి తెలియునని అపొస్తలుడు అడుగుచున్నాడు. ఆయన కోరినది గట్టితనము కాదు, స్పష్టత. స్వరభేదము చెరిగిపోవునంతగా ధ్వని పెంచినయెడల మనము వీణను వినిపించలేదు, యంత్రమును వినిపించితిమి. మన ప్రసంగములకును ఇదే కొలత.

ఇంకొక సంగతి గమనించుడి. సౌండు బాక్సు వాద్యమునకు ఎదురుగా ఉన్నయెడల, దానినుండి వచ్చిన ధ్వని వీణ పలకను మరల కదిలించును. ఆ కదలిక మైకులోనికి పోయి బాక్సులో మరింత పెద్దదగును. అట్లు తిరిగి తిరిగి చెవులు చిల్లులు పడు కూత పుట్టును. అందుకే బాక్సులను వాద్యమునకు ముందుగా, జనులవైపు త్రిప్పి పెట్టుదురు. తన స్తుతిని తానే మరల మరల వినుచు, దానివలన ఇంకను పెద్దగా పలుకు సేవకుని గతియు ఇంతే. దేవుడిచ్చిన స్వరము వినువారివైపు పోవలెను గాని మనవైపు తిరిగి రాకూడదు.

అయితే అసలు ప్రశ్న ఇంకను మిగిలియున్నది. వీణ ఎందుకు వినబడుటలేదు? అది చిన్నదైనందుననా, మిగిలినవారు పెద్దగా వాయించుచున్నందుననా? చిన్నస్వరమును వినిపించుటకు రెండు మార్గములు: దానిని హెచ్చించుట, మనము తగ్గుట. మొదటిదానికి డబ్బు కావలెను, రెండవదానికి వినయము కావలెను. అందుచేతనే మొదటిదే మనకు సులభముగా తోచును. వినయమైన మనస్సుతో ఒకనినొకడు తనకంటె యోగ్యుడని ఎంచవలెనను ఉపదేశము (ఫిలిప్పీ 2:3) వాద్యగాండ్రకును చెల్లును. వీణకు మైకు పెట్టగా కీబోర్డువాడు తనది హెచ్చించి, డోలకువాడు ఇంకను బలముగా కొట్టినయెడల అది ఆరాధన కాదు, సంత. సంఘకూటములలో పేద విధవరాలి మాట వినబడకపోవుటకును కారణమిదే కాదా? ఆమెకు మైకు అందించుట మంచిదే. ముందు మనము ఊరకుండుట మరియు మంచిది.

ధ్వని పందిరి దాటి పోవును గనుక పొరుగువానిని మరువరాదు. ఇతరుల శాంతిని భంగపరచి మైకులతోనో డోళ్లతోనో ప్రార్థించవలెనని ఏ మతమును చెప్పదని, చెన్నై పట్టణపు ఒక సంఘమునకు సంబంధించిన వ్యాజ్యములో 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బయట లౌడుస్పీకర్లు వాడుటను సాధారణముగా నిషేధించుచున్నవి. చట్టము లేకున్నను, ప్రక్క ఇంట జ్వరముతో పడియున్నవాడు మన పొరుగువాడే. దావీదు సౌలు ఎదుట సితారా వాయించినప్పుడు బాధపడుచున్న ఒక్కనికి నెమ్మది కలిగెను (1 సమూయేలు 16:23). మన పాట రోగికి నెమ్మది నిచ్చుచున్నదా, నిద్ర చెరుపుచున్నదా?

కావున సంఘపెద్దలకు మా మనవి ఇది. కూడికకు ముందు మైకు లేకుండ ఒక కీర్తన వాయించి వినుడి. పెద్ద వాద్యములను తగ్గించుడి. అప్పటికిని వెనుక వరుసలోని ముసలమ్మకు వీణ అందనియెడల, నిస్సందేహముగా మైకు పెట్టుడి. ఆమెకు స్పష్టముగా వినబడినచోట ఆపుడి. బాక్సులను పందిటిలోనికే త్రిప్పుడి.

పెనుగాలిలోను భూకంపములోను అగ్నిలోను కాక, మెల్లని స్వరములో ఏలీయాతో మాటలాడిన దేవుడు (1 రాజులు 19:11-13), చిన్న స్వరములను వినగల చెవులను, వాటికి చోటిచ్చు హృదయములను మనకు దయచేయును గాక. ఆమేన్.