మాట వినని కుక్కపిల్ల, జవాబు చెప్పని రాజు

పోయినవారం వీడియోలో మహాభారతం ఆదిపర్వం నుంచి సరమ కథ చెప్పుకున్నాం కదండీ. ఎనిమిది నిమిషాల వీడియోలో పట్టని ఒక ముక్క ఉంది. నా దృష్టిలో కథంతా ఆ ముక్కలోనే ఉంది.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తుంటాడు. దేవలోకపు కుక్క సరమ కొడుకు ఆడుకుంటూ అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్లు వాణ్ని కొడతారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తుతాడు. మామూలుగా అయితే తల్లికి వెంటనే కోపం రావాలి. సరమ మాత్రం ముందు కొడుకునే నిలదీస్తుంది. ఏదో తప్పు చేసే ఉంటావు, లేకపోతే ఎందుకు కొడతారు అంటుంది. హవిస్సు వంక చూడను కూడా లేదు, నాలుక పెట్టలేదు అంటాడు వాడు. అప్పుడు లేచి యజ్ఞశాలకి వెళ్లి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారు అని అడుగుతుంది. రాజు, తమ్ముళ్లు, ఎవరూ నోరు మెదపరు. ఆ మౌనం తర్వాతే శాపం వస్తుంది. తప్పు చేయనివాణ్ని కొట్టారు కాబట్టి కంటికి కనపడని భయం మీ మీదికి వస్తుంది అని.

అందరూ శాపాన్ని గుర్తుపెట్టుకుంటారు. నాకు ఆమె అడిగిన ప్రశ్న గుర్తుండిపోయింది. కొట్టినవాడు ఏ తప్పుకి కొట్టాడో చెప్పగలగాలి. ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే, దెబ్బ తిన్నదానికి కూడా ఆ తప్పేంటో తెలియాలి కదా? తెలియకపోతే, దాని వైపు నుంచి చూస్తే, అది ఏ తప్పూ చేయనట్టే కదా?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, మన వయసువాళ్ల ఇళ్లలో ఇప్పుడు బుల్లి జాతి కుక్కపిల్లలు ఎక్కువయ్యాయి. నా చిన్నప్పుడు బందరులో ఇంట్లో పెంచే కుక్క అంటే తెల్ల పామేరియనే. తర్వాత హచ్ ఫోన్ యాడ్ పుణ్యమా అని పగ్‌లు వచ్చాయి. ఇప్పుడు షీట్జూల వంతు. ఏ జాతి అయినా ఇంటివాళ్ల కంప్లైంట్ ఒక్కటే: "చాలా మొండిదండీ, చెప్పిన మాట వినదు."

గుడివాడలో మా పిన్ని వాళ్లింట్లో అయిదు నెలల షీట్జూ ఉంది. వరలక్ష్మీ వ్రతం రోజు పిన్ని వాయనాలు ఇవ్వడానికి పక్కింటికి వెళ్లినప్పుడు అది దేవుడి గదిలోకి దూరి బూరెల పళ్లెంలో మూతి పెట్టింది. బాబాయి షాపు నుంచి గంట తర్వాత వచ్చారు. విషయం తెలిసి, దాన్ని ఈడ్చుకొచ్చి పళ్లెం చూపించి, పేపర్ చుట్టి నాలుగు వేశారు. అది చెవులు వెనక్కి వాల్చి, కళ్లు తిప్పుకుని, నేలకి అతుక్కుపోయింది. "చూడరా దాని మొహం, తప్పు చేశానని దానికీ తెలుసు" అన్నారు నాతో.

నిజంగా తెలుసా? అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో దీని మీదే ఒక స్టడీ ప్రచురించారు. 14 పెంపుడు కుక్కలు, వాటి యజమానులు. యజమాని తినొద్దని చెప్పి గదిలోంచి బయటికి వెళ్తాడు. కుక్క కొన్నిసార్లు తింటుంది, కొన్నిసార్లు తినదు. తిరిగొచ్చిన యజమానికి కొన్నిసార్లు నిజం చెప్తారు, కొన్నిసార్లు తినకపోయినా తిన్నదని అబద్ధం చెప్తారు. ఆ "తప్పు చేసిన మొహం" ఎప్పుడు కనిపించిందంటే, యజమాని తిట్టినప్పుడు. తిన్నదా లేదా అన్నదానితో సంబంధం లేదు. పైగా మాట విని తినకుండా కూర్చున్న కుక్కలే, తిట్టగానే ఆ మొహం ఇంకా ఎక్కువగా పెట్టాయి. అంటే మనం నేరం ఒప్పుకోవడం అనుకుంటున్నది ఎదురుగా ఉన్న కోపానికి భయం మాత్రమే.

కుక్క బుర్రలో ఒక పనికీ దాని ఫలితానికీ ముడి పడాలంటే రెండూ వెంటవెంటనే జరగాలి. ఒకటి రెండు సెకన్ల లెక్క. గంట తర్వాత పడిన దెబ్బ, అప్పుడు కళ్ల ముందు ఉన్నదానికి అతుక్కుంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంప్ తప్పు పడిన లాగ్ లాంటిది. ఆ రోజు షీట్జూ నేర్చుకున్నది బూరెలు ముట్టకూడదని కాదు. బాబాయి షాపు నుంచి వచ్చేటప్పుడు సోఫా కింద దూరాలని. వారం పాటు అదే చేసింది కూడా. "పిలిస్తే రాదు, మొండిది" అన్న పేరు అప్పుడే వచ్చింది.

మంగినపూడి బీచ్‌లో ఇంకో రకం చూస్తుంటాను. బెల్ట్ విప్పేస్తారు. ఎండు చేపల వాసనకి కుక్కపిల్ల పరుగు. పది నిమిషాలు గొంతు చించుకుని పిలిస్తే చివరికి వస్తుంది. రాగానే ఒక్కటి పడుతుంది. ఆ క్షణంలో అది చేసిన పనేంటి? పిలిస్తే వచ్చింది. దెబ్బ దేనికి పడినట్టు? వచ్చినందుకే. సరమ అక్కడుంటే ఆ యజమాని ఏం జవాబు చెప్తాడు?

తెలుగులో మనం విధేయతని "మాట వినడం" అంటాం. వినాలంటే ముందు ఒక మాట ఉండాలి. మన ఇళ్లలో కుక్కకి ఉండేది ఒక మాట కాదు. పిన్ని "కూర్చో" అంటుంది, చెల్లి "సిట్" అంటుంది, బాబాయి "ఏయ్" అంటారు, అమ్మమ్మ "బజ్జో నాన్నా" అంటుంది. నలుగురివీ నాలుగు మాటలు. పైగా హాల్లో బిస్కెట్ చూసి కూర్చున్న పిల్ల, బందరు కోనేరు సెంటర్‌లో ఆటోల హారన్ల మధ్య కూర్చోదు. దానికి అది కొత్త పాఠం. మనవాళ్లు మాత్రం "ఇంట్లో వస్తుంది, బయట పొగరు" అంటారు. ఇంట్లో నేర్చింది వరండాలో, తర్వాత గేటు దగ్గర, తర్వాత సందులో, అలా ప్రతిచోటా మళ్లీ మొదటినుంచి నేర్పాలని చెప్తే విసుక్కుంటారు. నా ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడ్ సర్వర్‌లో ఎందుకు నడవలేదని క్లయింట్ అడిగితే పొగరు అంటామా?

అన్నం దగ్గర మొండితనం సంగతి వేరే. పిన్ని బల్ల దగ్గర ఏమీ పెట్టొద్దంటుంది. అమ్మమ్మ రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి, ఎవరూ చూడకుండా ఒక ముద్ద పడేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతే ప్రయత్నాన్ని అన్నిటికంటే గట్టిగా పట్టి ఉంచుతుందని స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. ఊరికే ఫోన్ తీసి నోటిఫికేషన్ వచ్చిందా అని చూసుకునే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాళ్ల దగ్గర గంటసేపు మూలిగే ఆ పిల్ల మొండిది కాదు, చాలా బాగా ట్రైనింగ్ అయింది. ట్రైనర్ అమ్మమ్మ.

కొన్నిసార్లు అది మొండితనమే కాదు, ఎండ. రోహిణి కార్తెలో సాయంత్రం నాలుగింటికి తారు రోడ్డు మీద షీట్జూ, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కని నడవమంటే అది కూలబడుతుంది. ముక్కు పొట్టిది కాబట్టి వగర్చి ఒళ్లు చల్లబరుచుకోవడం వాటికి కష్టం. మన డెల్టా ఉక్కపోతలో మరీనూ. చేతి వెనక భాగం రోడ్డు మీద కాసేపు ఆనించి చూడండి. మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. అలాగే ఉన్నట్టుండి మాట వినడం మానేసిన కుక్కకి చెవిలోనో పంటిలోనో నొప్పి ఉండొచ్చు. ముందు పశువుల డాక్టర్‌కి చూపించండి.

ఇక బాబాయి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. "భయభక్తులు అని ఊరికే అన్నారా? భయం లేకుండా భక్తి ఎక్కడిది? దెబ్బలు తినే మేం పెరిగాం. చూడు, ఇప్పుడది దేవుడి గది వైపే పోదు." నిజమే, పోదు. భయం పనిచేస్తుంది. దాన్ని కాదనడం అబద్ధం అవుతుంది. కానీ ఏ పని చేస్తుంది అన్నదే నా ప్రశ్న.

1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. చదవడానికి బాధగా ఉండే ప్రయోగాలవి. ఏం చేసినా తప్పించుకోలేని కరెంట్ షాకులు తిన్న కుక్కల్లో చాలావాటిని తర్వాత తప్పించుకునే వీలున్న చోట పెట్టినా, ప్రయత్నం మానేసి పడుకుండిపోయాయి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. తర్వాత జరిగింది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేసి రాశారు. కష్టం ఎడతెగకుండా ఉంటే చచ్చుబడిపోవడం ప్రాణికి సహజంగానే వస్తుందట, అది నేర్చుకునేది కాదట. నేర్చుకోవాల్సింది దానికి ఎదురైనది: నేను చేసే పనికి ఫలితం ఉంది, పరిస్థితి నా చేతిలో కొంత ఉంది అన్నది.

ట్రైనింగ్ అంటే ఆ నమ్మకం ఇవ్వడమే అని నాకు అర్థమైంది. కూర్చుంటే మంచి జరుగుతుంది, పిలిస్తే వస్తే మంచి జరుగుతుంది, ప్రతిసారీ, అందరి దగ్గరా. అలా నేర్చిన పిల్లా కదలకుండా కూర్చుంటుంది, దెబ్బలకి చచ్చుబడిన పిల్లా కదలకుండా కూర్చుంటుంది. ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి మాట వింటోంది, రెండోది ఆశ వదిలేసింది. భయపెట్టి మాట వినిపించుకోవాలని ఏనుగులు, పాములు, మంటలు అన్నీ వాడిన తండ్రి కథ మన పురాణంలోనే ఉంది. ప్రహ్లాదుడి భక్తిలో భయం పాలు ఎంతో మీరే చెప్పండి.

కుక్కల గురించి మాట్లాడితే ఎవరో ఒకరు ధర్మరాజు వెంట నడిచిన కుక్కని తెస్తారు. గొప్ప కథే, కాదనను. కానీ మన ప్రశ్నకి పనికిరాదు. ఆ కుక్కకి ఎవరూ ఏమీ నేర్పలేదు, దానంతటదే వెంట వచ్చింది. మనకి కావాల్సింది చెప్తే వినని కుక్క. అలాంటిది ఉత్తరకాండలో ఉంది. ప్రక్షిప్తాలని చెప్పే సర్గల్లో వస్తుంది కాబట్టి కొన్ని పుస్తకాల్లో దొరకదు.

తల పగిలిన కుక్క ఒకటి రాముడి సభకి వస్తుంది. ఏ తప్పూ చేయకపోయినా ఒక బ్రాహ్మణుడు నన్ను కొట్టాడు అంటుంది. రాముడు అతన్ని పిలిపించి, ఇది ఏం చేసిందని కొట్టావు అని అడుగుతాడు. సరమ అడిగిన ప్రశ్నే. ఇక్కడ మాత్రం జవాబు వస్తుంది. భిక్ష వేళ దాటిపోయింది, ఆకలిగా ఉంది, దారికి అడ్డంగా ఉంటే పొమ్మన్నాను, తప్పుకోలేదు, కోపం ఆపుకోలేక కొట్టాను అంటాడు. చూశారా, "చెప్తే వినలేదు". మన ఇళ్లలో వినిపించేదే. కానీ ఆ జవాబులో కుక్క గురించి ఎంత ఉంది, అతని ఆకలి గురించి ఎంత ఉంది? బాబాయిది కూడా అంతే అనుకుంటా. ఆ రోజు షాపులో బేరాల్లేవని పిన్ని తర్వాత చెప్పింది.

శిక్ష ఏంటో కుక్కే కోరుకుంటుంది. అతన్ని కొట్టమనదు. కాలంజరంలో కులపతిగా నియమించమంటుంది. ఏనుగు మీద ఎక్కించి పంపుతారు. సభంతా ఆశ్చర్యపోతుంది, ఇది శిక్షా, బహుమానమా అని. కుక్క చెప్పే కారణం: పోయిన జన్మలో నేను చేసింది ఆ పదవే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఈ గతి పట్టింది, కోపం ఆపుకోలేని ఇతని సంగతి ఆలోచించండి అని. మరో ప్రాణి మీద అధికారం చేతికి రావడమే అతనికి శిక్ష అన్నమాట. అయిదు కిలోల కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్న రోజున మనకీ అలాంటి పదవే వచ్చింది. దాని తిండి, నిద్ర, తలుపు, బెల్ట్, అన్నీ మన చేతిలో. దానికి రాజీనామా చేసే వీలు కూడా లేదు.

నియమాలు వద్దని నేను అనడం లేదు. దేవుడి గదిలోకి రాకూడదనేది అమ్మమ్మ నియమం, ఆవిడ మడి ఆవిడది, దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. నియమం క్రూరత్వం కాదు. చెప్పకుండా, నేర్పకుండా శిక్ష వేయడమే క్రూరత్వం. పోనీ ఇంకో సంగతి, గది మూసి ఉంచడం దాని ప్రాణానికీ మంచిదే. పాయసంలో, చక్రపొంగలిలో వేసే కిస్మిస్ కుక్కల కిడ్నీలకి విషం. ప్రసాదమే కదా అని పెట్టకండి.

చివరికి గుడివాడ ఇంట్లో చేసింది చాలా చిన్న పని. వడ్రంగి చేత గది గుమ్మానికి రెండడుగుల చెక్క అడ్డం పెట్టించారు. అందరూ "కూర్చో" అనే ఒక్క మాటే వాడాలని ఫ్రిజ్ మీద రాసి అంటించింది చెల్లి. మాంసం వండని ఇల్లు కాబట్టి బహుమతి ఉడికించిన క్యారెట్ ముక్క, వేలి గోరంత. రోజూ పూజ అప్పుడు చెక్క అవతల కూర్చున్న వెంటనే ఒక ముక్క, హారతి అయ్యేదాకా ఆగితే ఇంకో ముక్క. మొదటి వారం పది సెకన్లు కూడా ఆగలేదు. బాబాయి "ఇదయ్యే పని కాదు" అన్నారు. కార్తీకం వచ్చేసరికి గంట వినపడగానే వచ్చి చెక్క ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ముక్క ఇప్పుడు బాబాయే ఇస్తున్నారు. బూరెలు మాత్రం ఇంకా పై అరలోనే పెడుతున్నారు.