మిట్ట చెట్టు, పల్లపు చెట్టు

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలిని 1975లో కృష్ణజింకల కోసం ఏర్పాటు చేశారు. పేరంతా జింకలదే గాని, అలాంటి దక్కను పొడి అడవిలో చెట్ల సర్దుబాటు కూడా గమనించదగ్గదే. ఎండావానా అన్నిటికీ ఒకటే, నేల వేరు. రాతి మిట్టల పలుచని మట్టిలో నీరు నిలవదు. అక్కడ సీతాఫలం బతుకుతుంది, కొండగోగు ఆకు రాల్చి వేసవిని గట్టెక్కుతుంది. వాగు ఒడ్డు తెల్లమద్దిది, కానుగది, నేరేడుది. చెరువు శిఖంలో నీళ్లు నిలిచినా నల్లతుమ్మ తట్టుకుంటుంది. అందుకే ఏ ఒక్క జాతీ అడవంతా ఆక్రమించలేదు. చైనాలోని గుతియన్‌షాన్ ఉపోష్ణ అడవిలో, 24 హెక్టార్ల పరిశీలన క్షేత్రంలోనూ మిట్టకూ పల్లానికీ జాతులు మారతాయి. ఒకే జాతి అడవంతా ఆక్రమించకపోవడానికి నేల తేడా ఒక్కటే కారణం కాదు. తల్లిచెట్టు కింది మొలకలను తెగుళ్లు, పురుగులు దెబ్బతీయడం వల్ల కూడా పరాయి జాతికి చోటు దొరుకుతుంది. మొక్క నాటేవారు ముందు నేల చూడాలి.