మూలధనము – కాయకము



పరదేశమున నున్నవారు తాము కూడబెట్టుకొన్న ధనముతో స్వగ్రామమున చిన్న వ్యాపారము నడపుట కాయకమగునా? కోనసీమలో నేడిది కేవలము తర్కమునకు వచ్చిన ప్రశ్న కాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి కువైట్, మస్కట్, దోహా, దుబాయిలకు వెళ్ళినవారెందరో కలరు. ఒకప్పుడు అచ్చటినుండి వచ్చిన సొమ్ము పెంకుటింటిని డాబాగా మార్చుటకును, ఆడపిల్ల పెండ్లికిని, తాకట్టులోని పొలమును విడిపించుటకును చెల్లెడిది. ఇప్పుడు చేతిలోని ఫోనుద్వారానే దూరప్రాంతములకు సరకు నమ్ముకొనవచ్చును. కావున అప్పు చేయక, జీతములో మిగిలినదానితోనే వ్యాపారము పెట్టుకొనవలెనను సంకల్పము పలువురికి కలుగుచున్నది. సంకల్పము మంచిదే. ఐనను దానిని శరణుల ఒరగల్లుపై గీచి చూడవలసియున్నది.

నాయొద్ద చదువుకొన్న ఒక సోదరి కువైట్‌లో ఒక యింట పనిచేయుచున్నది. ఆత్రేయపురమునకు చేరువనున్న ఆమె పుట్టినింట వదినగారు పూతరేకులు తీయుదురు. నాలుగేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్ముతో ఈ సోదరి నేయి, బెల్లము, అట్టపెట్టెలు కొనిపించినది. ఫోనులో వచ్చు బేరములను మేనల్లుడు చూచుకొనును. హైదరాబాదునకు, బెంగళూరునకు సరకు పోవుచున్నది. ఒకనాటి రాత్రి ఆమె నాతో ఫోనులో, "మాస్టారూ! వడ్డీకి తెచ్చి వ్యాపారం పెంచమని అందరూ అంటున్నారు. నా డబ్బుతోనే మెల్లగా నడుపుకోమంటారా?" అని యడిగినది. "అప్పులేని వ్యాపారమే కాయకం తల్లీ! నీ సొమ్ము, నీ కష్టం" అంటిని. మంచిమాట చెప్పితినని సంతోషించితిని.

ఆ సంక్రాంతికి ఆ యూరు పోవుట తటస్థించినది. వదినగారు పొయ్యి యెదుట కూర్చుండియున్నారు. బోర్లించిన కుండక్రింద కొబ్బరాకుల మంట. పలుచని బియ్యపు పిండినీటిలో గుడ్డను ముంచి కుండపై పరచి లాగినంతనే రేకు తేలును; దానిని చిరుగకుండ తీయవలెను. మరల గుడ్డ, మరల రేకు. పొగకు కన్నులెఱ్ఱవారినవి. "నెలకు మీకేమి ముట్టునమ్మా?" అని యడిగితిని. "ఇంట్లో పనికి జీతమేమిటండీ మాస్టారూ!" అని ఆమె నవ్వినది.

నేనిచ్చిన సమాధానము సగమే యని అప్పుడు తెలిసినది. దినారులు మాత్రమే మూలధనమని నేననుకొంటిని. ఆ పొయ్యి యెదుట కరగుచున్న దేహమును లెక్కలో చేర్చనేలేదు. కాయకమను పదములో కాయమే యున్నది గదా! ఎవరి కాయము శ్రమించుచున్నదో వారికి ఫలములో పాలు లేనిచో, అది అప్పులేని వ్యాపారమని యెట్లనగలము? అది తీర్చని అప్పే. పత్రము వ్రాయబడలేదు, వడ్డీ యడుగువారు లేరు, అంతే భేదము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మనమెరిగినదే. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలనేరి, వండి, జంగమార్చన చేయుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య వాడుకకంటె హెచ్చు బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికమెక్కడిదని ప్రశ్నించి తిరిగి పంపివేసినది. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, అప్పు తెచ్చినది కాదు. ఐనను తమ శ్రమకు మించినది తమది కాదని ఆ తల్లి తీర్పు. లాభము కంటబడినప్పుడు మనమును అదే ప్రశ్న వేసికొనవలెను: ఈ హెచ్చు ఎవరి చేతిది?

ఇందొక విపరీతము కలదు. గృహసేవకులచేత రోజునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమునకొక దినము విశ్రాంతి యీయవలెననియు కువైట్ ప్రభుత్వము 2015లో చట్టము చేసినది. 2016లో కనీస వేతనమును 60 దినారులుగా నిర్ణయించినది. అది అమలగుట, కాకుండుట వేరుమాట. పరాయిగడ్డపై ఆడుబిడ్డకు కాగితముపైనైన లభించిన ఆ రక్ష, సొంత యింటి పొయ్యి యెదుటి వదినకు లేకపోయినది. మన యిండ్లలో స్త్రీల శ్రమను "ఇంటి పని" యని కొట్టివేయుట అలవాటైపోయినది.

ఇక అప్పు మాట. అప్పు పాపమని నా యభిప్రాయము కాదు. తన సొమ్ముతో నడపుటలోని గుణమేమనగా, నష్టము వచ్చినచో అది తనతోనే ఆగును. ఐతే పిల్లల చదువును, తల్లిదండ్రుల మందులను, తాను తిరిగివచ్చుటకు కావలసిన టిక్కెట్టు సొమ్మును కూడ అందు పెట్టినచో ఆ గుణము పోవును. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేన కువైట్‌ను ఆక్రమించినప్పుడు, దినారులు చేతనుండియు నిరుపేదలై విమానములలో తిరిగివచ్చిన భారతీయులు లక్షకు పైబడియుండిరి. పోయినను కుటుంబము నిలువగలిగినంతయే వ్యాపారములో పెట్టదగినది.

చట్టమును ధర్మములో భాగమే. గృహసేవకై పొందిన అనుమతితో ఆ దేశమున చాటుగా వేరు బేరము సాగించుట సత్యశుద్ధ కాయకము కాదు. స్వదేశమున భాగస్వామిగా పెట్టుబడి పెట్టుటకు, ఆ మూలధనమును తిరిగి విదేశమునకు తరలింపని నిబంధనపై, మన చట్టము ప్రవాసులను అనుమతించుచున్నది. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేరొకచోట చేసిన సరకునకు ఆ యూరి పేరు తగిలించుట కొనువానిని మోసగించుటయే.

బిజ్జలుని భాండాగారమును బసవన్న వ్యయము చేయుచున్నాడని కొండెములు చెప్పినప్పుడు, ఆయన కోపగించుకొనక లెక్క చూపెననియు, ధనము తరుగక యుండెననియు బసవపురాణమున వినుచున్నాము. లెక్క చూపుట భక్తునకు చిన్నతనము కాదు. అన్నచెల్లెండ్రమధ్య, వదినా ఆడుబిడ్డలమధ్య లెక్కయేమిటను మాట ప్రేమవలె వినబడును గాని, పలుచోట్ల అది ఒకరి నోరు మూయించుటకే పనికివచ్చుచున్నది. కూలి చెల్లించి, పాలు పంచి, మిగిలినదానితో చేయునదే దాసోహము. కూలి ఎగవేసి మఠమునకు సమర్పించిన కానుక లింగమునకు చెల్లదు.

ఊరినుండి వచ్చినపిదప ఆ సోదరికి ఫోను చేసి, నా మాటను సరిదిద్దుకొంటిని. ఆమె చాలసేపు మౌనముగా నుండి, "ఇక్కడ నా జీతం ఒక్క నెల ఆలస్యమైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు మాస్టారూ. వదినకు నేను చేస్తున్నదీ అదేనా?" అన్నది. నేనేమియు బదులు చెప్పలేదు.

మరునెలనుండి వదినగారికి రేకుల లెక్కన కూలియు, లాభములో సగపాలును ముట్టుచున్నవి. ఆ యేడు పెట్టదలచిన రెండవ పొయ్యి పెట్టలేకపోయిరి. వ్యాపారము చిన్నదిగానే యున్నది. అది కాయకమైనదని మాత్రము నేడు సందేహింపక చెప్పగలను.